మిడి నోటు నొక్కాక ఆలస్యం, అదీ ఒక్కోసారి ఒక్కోలా: లినక్స్‌లో ఎక్కడ సరిచేయాలి?

కోనసీమ_కీస్
పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ 22 వేసుకున్నాను. 61 కీల యూఎస్‌బీ మిడి కీబోర్డు (ఏ కీ నొక్కానో ల్యాప్‌టాప్‌కి చెప్తుంది), ఆ నోట్లని శబ్దంగా మార్చే క్యూసింత్ ప్రోగ్రాములో ఒక జనరల్ మిడి సౌండ్‌ఫాంట్ (వాయిద్యాల శబ్దాల ఫైలు). భజనలకీ పెళ్లి ఆర్కెస్ట్రాకీ ఇదే పట్టుకెళ్తున్నాను. నెమ్మది పాటలకి పర్వాలేదు. దరువు పెరిగి వేళ్లు కాస్త పరుగెత్తాయంటే గోల మొదలు. నొక్కిన తర్వాత ఎప్పటికో పలుకుతుంది. పోనీ అలవాటు చేసుకుందామంటే ఆ ఆలస్యం కూడా ఒక్కలా ఉండదు. ఒక నోటు వెంటనే వస్తుంది, పక్కది ఈడ్చుకుంటూ వస్తుంది. గమకంలా రెండు నోట్లు గబగబా మార్చి వాయిస్తే కుంటి గుర్రం నడిచినట్టు వినిపిస్తోంది.

కరెంటు పోయి బ్యాటరీ మీదకి వెళ్తే ఇంకా ఘోరం, మధ్యమధ్యలో టప్ టప్ మంటుంది. నెట్‌లో కనబడిన చిట్కాలన్నీ వేసి చూశాను. స్వాపినెస్ 10 చేశాను, డెస్క్‌టాప్ ఎఫెక్టులు తీసేశాను. ఏమీ మారలేదు. సంక్రాంతికి మావైపు తీర్థాలు, వరసగా ప్రోగ్రాములు. మా డోలు ఆయన ఇప్పటికే "నువ్వు లేటు" అంటున్నాడు. ఎక్కడ మొదలెట్టమంటారు?

పూతరేకు
డోలు వాయించేవాళ్లు ఎప్పుడూ రైటేనండి. మిగతా ప్రపంచమంతా లేటు.

డోలు_బాబాయ్
ఇక్కడే ఉన్నాను. చదువుతున్నాను.

పూతరేకు
ఆయ్. అందుకే రైటన్నానండి.

భీమవరం_బుల్లోడు
విండోస్ వేసెయ్ తమ్ముడూ. ఏసియో అనే ఆడియో డ్రైవర్ పెట్టు, పని అయిపోతుంది. ఊరికే ఈ టెన్షన్ ఎందుకు?

ఆర్‌టీ_రామం
రియల్‌టైమ్ కెర్నెల్, అంటే గడువు తప్పకుండా పని చేసేలా మార్చిన లినక్స్ గుండెకాయ, ఎక్కించకుండా లినక్స్‌లో సంగీతం అనడమే దండగ. ముందు అది. మిగతావన్నీ తర్వాత.

లంకల_లినక్స్
బుల్లోడు గారూ, ఏసియో పెట్టి బఫర్ (శబ్దాన్ని ముక్కగా పోగుచేసే చోటు) 1024 మీద వదిలేస్తే అక్కడా ఇదే బాధ. ఆపరేటింగ్ సిస్టమ్ మారినంత మాత్రాన లెక్క మారదు.

రామం గారూ, ఆయన ఇంకా ఏ డ్రైవర్ వాడుతున్నాడో కూడా మనకు తెలియదు. అప్పుడే కెర్నెల్ దాకా ఎందుకండీ.

వశిష్ఠ_గట్టు
కీస్ బాబూ, నువ్వు చెప్పినదాంట్లో రెండు వేరు వేరు జబ్బులున్నాయి. ఆలస్యం ఒకటి, ఆ ఆలస్యం నిలకడగా లేకపోవడం ఇంకొకటి. మొదటిదానికి చెయ్యి సర్దుకుంటుంది. చర్చి ఆర్గన్ వాయించేవాళ్లు గొట్టాలు ఎంత దూరంలో ఉన్నా వాయిస్తారు. రెండోదానికి ఎంత గొప్ప చెయ్యైనా సర్దుకోలేదు, ఎందుకంటే దేనికి సర్దుకోవాలో తెలియదు కదా. కాబట్టి ముందు రెండోదాని సంగతి చూడాలి.

ఈ రెండూ చెప్పు:
క్యూసింత్ సెటప్‌లో ఆడియో డ్రైవర్ దగ్గర ఏముంది?
నోట్లు వాయిస్తూ టెర్మినల్లో పీడబ్ల్యూ-టాప్ కొట్టు. క్వాంట్, రేట్, ఎర్ర్ (గడువు తప్పిన సార్ల లెక్క) అనే నిలువు వరసల్లో ఏముందో చూసి రాయి.

అప్పటిదాకా ఏ సెట్టింగూ మార్చకు. ఒకేసారి పది మార్చావంటే ఏది పనిచేసిందో తెలియదు, ఏది చెడగొట్టిందో అసలు తెలియదు.

కోనసీమ_కీస్
ఆడియో డ్రైవర్ పల్స్‌ఆడియో అని ఉందండి. మిడి డ్రైవర్ ఆల్సా_సీక్. పీడబ్ల్యూ-టాప్‌లో సౌండ్ కార్డు వరసలో క్వాంట్ 1024, రేట్ 48000. ఎర్ర్ ప్రస్తుతానికి పెరగట్లేదు. ఛార్జర్ పీకితే మాత్రం అప్పుడప్పుడూ ఒక్కో అంకె పెరుగుతోంది.

వశిష్ఠ_గట్టు
సగం దొరికింది. కాగితం మీద లెక్క వేద్దాం.

క్వాంట్ అంటే క్వాంటమ్, ఒక్కో ముక్కలో ఎన్ని ఫ్రేములో (శబ్దపు నమూనాలు) చెప్పే అంకె. 1024 ఫ్రేములు, సెకనుకు 48000. భాగిస్తే 21.3 మిల్లీసెకండ్లు. అంటే పైప్‌వైర్ (లినక్స్‌లో అన్ని ప్రోగ్రాముల శబ్దాన్నీ కార్డుకి చేర్చేది) ప్రతి 21.3 మిల్లీసెకండ్లకి ఒకసారి లేచి "ఎవరి దగ్గర ఏం శబ్దం ఉంది, ఇవ్వండి" అని అడుగుతుంది. క్యూసింత్ లోపల ఉన్న ఫ్లూయిడ్‌సింత్ ఆ పిలుపు వచ్చినప్పుడే ఆ ముక్క మొత్తం ఒక్కసారి తయారుచేసి ఇస్తుంది. నువ్వు ఆ మధ్యలో నొక్కిన నోటు ఎప్పుడు నొక్కావన్నది పోతుంది. తర్వాతి ముక్క మొదట్లోకి వెళ్లి కూర్చుంటుంది.

ఇప్పుడు ఒక నోటు ముక్క మొదలవబోయే 2 మిల్లీసెకండ్ల ముందు నొక్కావనుకో, దాదాపు వెంటనే లోపలికి వెళ్తుంది. తర్వాతి నోటు ముక్క మొదలైన 1 మిల్లీసెకండ్‌కి నొక్కావు. అది ఇంకో 20 ఆగాలి. నీ వేళ్ల మధ్య దూరం 3 మిల్లీసెకండ్లు, చెవికి వచ్చేది 21. ఇంకోసారి 15 మిల్లీసెకండ్ల తేడాతో నొక్కిన రెండు నోట్లు ఒకే ముక్కలో పడి ఒకేసారి పలుకుతాయి. నువ్వు చెప్పిన కుంటి గుర్రం ఇదే.

పైగా పల్స్ డ్రైవర్ ద్వారా వెళ్తున్నావు కాబట్టి దాని బఫర్ దీనికి అదనం.

చేయాల్సింది ఇది. పైప్‌వైర్-జాక్ ప్యాకేజీ లేకపోతే వేసుకో. క్యూసింత్ డ్రైవర్ జాక్‌కి (సంగీతం కోసమే చేసిన తక్కువ ఆలస్యపు శబ్ద వ్యవస్థ) మార్చి, పీడబ్ల్యూ-జాక్ క్యూసింత్ అని టెర్మినల్ నుంచి నడుపు. ఆ తర్వాత పీడబ్ల్యూ-మెటాడేటా హైఫన్ ఎన్ సెట్టింగ్స్ సున్నా క్లాక్.ఫోర్స్-క్వాంటమ్ 256. ముందు 256 చూడు. బాగుంటే 128.

256 అంటే 5.3 మిల్లీసెకండ్లు. 128 అంటే 2.7. 64 దాకా పోకు, ఈ పాత యంత్రానికి అక్కర్లేదు.

పాతకాలం_మిడి
గట్టు గారి లెక్క సరిగ్గా ఉంది. కుర్రాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. మిడి వైరే అంత వేగమైనదేమీ కాదు. 1983లో పెట్టిన ప్రమాణం, సెకనుకు 31250 బిట్లు. ఒక్కో బైటుకి ముందూ వెనకా కలిపి 10 బిట్లు, అంటే 320 మైక్రోసెకండ్లు. నోట్-ఆన్ మూడు బైట్లు. దాదాపు 1 మిల్లీసెకండ్. రెండు చేతులా పది నోట్ల కార్డు నొక్కితే గుండ్రటి అయిదు పిన్నుల వైరులో చివరి నోటు మొదటిదానికంటే దాదాపు 9 మిల్లీసెకండ్ల తర్వాత చేరుతుంది. రన్నింగ్ స్టేటస్ (ఒకే రకం సందేశాలకి మొదటి బైటు మళ్లీ పంపకపోవడం) ఉంటే మూడు బైట్ల బదులు రెండే, కాస్త నయం.

ఆ రోజుల్లో ఆర్కెస్ట్రాల్లో అన్నీ ఆ వైరుతోనే వాయించాం. ఎవరూ కుంటి గుర్రం అనలేదు, ఎందుకంటే ఆ 9 ఎప్పుడూ ఆ 9యే.

పూతరేకు
అనలేదా, మీకు వినపడలేదా?

పాతకాలం_మిడి
పక్కనే జనరేటర్ ఉండేది లెండి. ఏమీ వినపడేది కాదు.

డోలు_బాబాయ్
నేనొకటి అడుగుతాను. మీరు 5, 2.7 అంటున్నారు. నేను స్టేజీకి ఆ చివర, కీబోర్డు స్పీకరు ఈ చివర. గాలిలో రావడానికే టైము పడుతుంది కదా. దాని ముందు ఈ రెండు మూడు మిల్లీసెకండ్లు ఏపాటి?

వశిష్ఠ_గట్టు
బాబాయ్ గారి ప్రశ్న న్యాయమైనది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 1 మిల్లీసెకండ్‌కి అడుగు మీద కొంచెం. మీరు పది అడుగుల అవతల కూర్చుంటే 9 మిల్లీసెకండ్లు గాలికే పోయాయి. కానీ మీరు కదలకుండా కూర్చుంటారు కాబట్టి ఆ 9 మారదు. 1024 క్వాంటమ్‌తో వచ్చే ఆలస్యం మాత్రం సున్నాకీ 21కీ మధ్య ఊగుతుంది. మీరు వాయిస్తూ వాయిస్తూ స్టేజీ మీద ముందుకీ వెనక్కీ ఇరవై అడుగులు గెంతుతున్నట్టు.

డోలు_బాబాయ్
డోలుతో గెంతడం మా వృత్తే. సరే, అర్థమైంది.

కీర్తన_పాలకొల్లు
మా చర్చి కాయర్‌లో కూడా ల్యాప్‌టాప్ మీదే ప్యాడ్స్, స్ట్రింగ్స్ వాయిస్తాం. క్వాంటమ్ 1024 మీదే ఉంది, ఇప్పటిదాకా ఎవరికీ ఇబ్బంది లేదు. స్ట్రింగ్స్ మెల్లగా లేస్తాయి కాబట్టి తెలియట్లేదేమో. క్రిస్మస్‌కి పియానో టోన్ వాడినప్పుడు మాత్రం చెయ్యి తడబడింది. ఈ పోస్టు చదివాక కారణం అర్థమైంది. అందరూ 128కి దిగాలని లేదు కదా?

లంకల_లినక్స్
లేదండి. చిన్న క్వాంటమ్ అంటే ప్రాసెసర్ ఎక్కువసార్లు లేవాలి, ఒక్కోసారీ తక్కువ టైములో పని ముగించాలి. అందుకోలేకపోతే ఎక్స్‌రన్, అదే ఆ టప్ మనే చప్పుడు. మీ ప్యాడ్స్‌కి 512 చాలు.

కోనసీమ_కీస్
256 పెట్టానండి. ఏం చెప్పమంటారు, కీబోర్డు మారినట్టుంది! నిన్న సాయంత్రం రెండు గంటలు వదల్లేదు. 128 పెడితే ఇంకా బాగుంది గానీ టప్పులు వస్తున్నాయి, ఎర్ర్ అంకె కళ్లముందే పెరుగుతోంది. బ్యాటరీ మీద అయితే 256 దగ్గర కూడా.

ఆర్‌టీ_రామం
చెప్పానా. ఇప్పుడు కెర్నెల్ దగ్గరకే వచ్చాం.

లంకల_లినక్స్
ఇంకా రాలేదు రామం గారూ.

కీస్, ముందు రియల్‌టైమ్ ప్రాధాన్యం (మిగతా ప్రోగ్రాముల కంటే ముందు ప్రాసెసర్ దొరకడం) దొరుకుతోందా చూడు. టెర్మినల్లో యూలిమిట్ హైఫన్ ఆర్ కొట్టు. సున్నా వస్తే నీ యూజర్‌కి నేరుగా అనుమతి లేదన్నమాట. అప్పుడు పైప్‌వైర్ ఆర్‌టీకిట్ అనే మధ్యవర్తిని బతిమాలి తెచ్చుకుంటుంది. ఆర్‌టీకిట్ మామూలుగా 20 వరకే ఇస్తుంది. అది చాలామందికి సరిపోతుంది. సరిపోకపోతే ఈటీసీలో సెక్యూరిటీ ఫోల్డర్, అందులో లిమిట్స్.డి, అందులో ఆడియో.కాన్ఫ్ అనే ఫైలు పెట్టి రెండు వరసలు రాయాలి: ఆడియో గ్రూపుకి ఆర్‌టీప్రయో 95, మెమ్‌లాక్ అన్‌లిమిటెడ్. గ్రూపు పేరు ముందు ఎట్ గుర్తు మరవకు. తర్వాత యూజర్‌ని ఆడియో గ్రూపులో చేర్చి, పూర్తిగా లాగౌట్ అయి మళ్లీ రావాలి. టెర్మినల్ మూసి తెరిస్తే చాలదు, చాలామంది అక్కడే ఆగిపోయి "పని చెయ్యలేదు" అంటారు.

చెరువుగట్టు
ఆడియో గ్రూపులో చేరొద్దని ఎక్కడో చదివాను?

లంకల_లినక్స్
ఒకే కంప్యూటర్‌లో ఇద్దరు యూజర్లు మార్చి మార్చి లాగిన్ అయ్యే చోట చిక్కు. గ్రూపులో ఉన్నవాడు తన సెషన్ ముందు లేకపోయినా సౌండ్ కార్డుని పట్టుకోగలడు, రెండోవాడికి శబ్దం రాదు. స్టేజీ ల్యాప్‌టాప్‌కి ఒకడే యూజరు. నిర్భయంగా చేరండి.

వశిష్ఠ_గట్టు
బ్యాటరీ సంగతి వేరు. కరెంటు పోగానే పవర్ ప్రొఫైల్ మారి ప్రాసెసర్ పొదుపులోకి వెళ్తుంది. నోటు నొక్కగానే పని మీద పడుతుంది, అప్పటికి ప్రాసెసర్ తక్కువ వేగంలో నడుస్తుంటుంది, వేగం పెంచుకునేలోపు గడువు దాటిపోతుంది. 1024 ఉన్నప్పుడు 21 మిల్లీసెకండ్ల గడువులో ఇది దాగిపోయేది, 128లో బయటపడుతుంది. వాయించే ముందు సీపీయూపవర్‌తో గవర్నర్ (ప్రాసెసర్ వేగం నిర్ణయించేది) పెర్ఫార్మెన్స్‌కి పెట్టు. టీఎల్‌పీ అనే బ్యాటరీ పొదుపు ప్రోగ్రాము వేసుకుని ఉంటే అందులో బ్యాటరీ మీద సౌండ్ పవర్ సేవ్ అనే వరస కూడా సున్నా చెయ్యి. అది ఉంటే కాసేపు నిశ్శబ్దంగా ఉండగానే కార్డు నిద్రపోతుంది, మొదటి నోటుకి టప్‌మని లేస్తుంది.

కోనసీమ_కీస్
టీఎల్‌పీ వేసుకున్నానండి, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని ఎవరో చెబితే.

పూతరేకు
బ్యాటరీ ఎక్కువసేపు, పాట తక్కువసేపు.

ఉప్పుగాలి
మాది అంతర్వేది దగ్గర. ఇంకో కోణం చెప్తాను. నాకూ కొన్ని నోట్లే లేటు అనిపించేది, సాఫ్ట్‌వేర్ అంతా వెతికాను. ఏసీక్‌డంప్ (కీబోర్డు నుంచి వచ్చే మిడి సందేశాలు చూపించే కమాండు) నడిపి ఒక్కో కీ నొక్కుతూ పోతే తేలింది: మధ్య సప్తకంలో మూడు కీలకి వెలాసిటీ ఎంత గట్టిగా కొట్టినా 20, 30 దగ్గరే వస్తోంది. కీ కింద రబ్బరు బుడిపెల్లో రెండు కాంటాక్టులుంటాయి. ఒకటి ముందు తగులుతుంది, ఒకటి తర్వాత. ఆ రెంటి మధ్య టైము కొలిచి ఎంత గట్టిగా కొట్టామో లెక్కవేస్తుంది. సముద్రపు గాలికి ఒకదాని మీద పొర కట్టింది. నోటు సన్నగా, ఆలస్యంగా వచ్చినట్టు వినిపించేది. విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లతో తుడిచాను. పోయింది. మన వైపు వాళ్లు లినక్స్‌ని తిట్టే ముందు ఇది ఒకసారి చూసుకోండి.

పాతకాలం_మిడి
ఉప్పుగాలి మాటకి ఓటు. విప్పేముందు స్క్రూలు ఏది ఎక్కడిదో ఫోటో తీసుకోండి. పొడుగు స్క్రూ పొట్టి చోట బిగిస్తే కీ పైకి లేవదు.

చెరువుగట్టు
చెరువుల దగ్గర ఉన్నవాళ్లకి ఇంకో గోల. ఏరియేటర్లు తిరుగుతుంటే స్పీకర్లో గుయ్యిమంటుంది, ఛార్జర్ పీకితే ఆగుతుంది. దీనికి కూడా కెర్నెల్ మార్చాలా రామం గారూ?

ఆర్‌టీ_రామం
దానికి ఎర్తింగు మార్చాలి. ఎగతాళి ఎందుకండీ.

వశిష్ఠ_గట్టు
ల్యాప్‌టాప్ ఛార్జరూ మిక్సరూ వేరు వేరు ప్లగ్గుల్లో ఉంటే గ్రౌండ్ లూప్. ఒకే బోర్డు మీద పెట్టి చూడండి. తగ్గకపోతే ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్. ఛార్జర్ ఎర్తు పిన్ను మాత్రం విరిచేయకండి. తడి నేల మీద, పందిరి కింద ప్రాణానికి ముప్పు.

కోనసీమ_కీస్
లిమిట్స్ ఫైలు పెట్టాను, లాగౌట్ అయి వచ్చాను, యూలిమిట్ 95 చూపిస్తోంది. గవర్నర్ పెర్ఫార్మెన్స్. టీఎల్‌పీ తీసేశాను. 128 దగ్గర కరెంటు మీద దాదాపు శుభ్రం. అయినా వైఫై ఆన్‌లో ఉంటే పావుగంటకి ఒకటో రెండో ఎర్ర్ పడుతోంది. కీబోర్డు హబ్‌లో పెట్టాను, అదే హబ్‌లో మౌసు, వెబ్‌క్యామ్.

లంకల_లినక్స్
హబ్ తీసెయ్. కీబోర్డు నేరుగా ల్యాప్‌టాప్‌కి. వెబ్‌క్యామ్ స్టేజీ మీద దేనికసలు? ప్రాక్‌లో ఇంటరప్ట్స్ ఫైలు (పరికరాలు ప్రాసెసర్‌ని పిలిచే పిలుపుల జాబితా) తెరిచి చూస్తే నీ యూఎస్‌బీ కంట్రోలర్ వైఫైతోనో గ్రాఫిక్స్‌తోనో లైను పంచుకుంటోందేమో తెలుస్తుంది. పంచుకుంటుంటే వేరే పోర్టు ప్రయత్నించు. వైఫై వాయించేటప్పుడు ఆర్‌ఎఫ్‌కిల్‌తో ఆపెయ్.

ఆర్‌టీ_రామం
ఇప్పుడైనా నన్ను మాట్లాడనివ్వండి. వైఫై ఆపడం, వెబ్‌క్యామ్ పీకడం, ఇవన్నీ తప్పించుకునే దారులు. వైఫై డ్రైవర్ ఇంటరప్ట్ పని చేస్తుంటే మామూలు కెర్నెల్లో ఆడియో థ్రెడ్ నిలబడి చూస్తూ ఉండాలి. రియల్‌టైమ్ కెర్నెల్లో ఇంటరప్ట్ పని కూడా థ్రెడ్డే, దానికీ ప్రాధాన్యం అంకె ఉంటుంది, ఆడియోది పైన పెట్టుకోవచ్చు. ఏళ్ల తరబడి బయట ప్యాచ్‌గా ఉన్న ప్రీఎంప్ట్_ఆర్‌టీ 2024లో 6.12తో అసలు కెర్నెల్లోకే వచ్చేసింది. ఇంకా భయమెందుకు?

వశిష్ఠ_గట్టు
భయం కాదు. మింట్ 22తో వచ్చేది 6.8. ఆయన 6.12 ఆర్‌టీ తెచ్చుకోవాలంటే సొంతంగా కట్టుకోవాలి. ఆ తర్వాత గ్రాఫిక్స్ డ్రైవరో ఇంకోటో మొరాయిస్తే పండగ ముందు ఎవరు చూస్తారు? మీరు చెప్పిన లాభంలో చాలాభాగం ఉన్న కెర్నెల్లోనే దొరుకుతుంది. యూనేమ్ హైఫన్ వి కొడితే ప్రీఎంప్ట్_డైనమిక్ అని కనబడుతుంది. గ్రబ్ (బూటయ్యేటప్పుడు కెర్నెల్‌ని ఎక్కించేది) వరసలో ప్రీఎంప్ట్=ఫుల్, థ్రెడ్‌ఐఆర్‌క్యూస్ అని రెండు మాటలు చేర్చి గ్రబ్ అప్‌డేట్ చేస్తే ఇంటరప్టులు థ్రెడ్లవుతాయి. ఆర్‌టీఐఆర్‌క్యూ స్క్రిప్టు వేస్తే వాటిలో సౌండ్‌కీ యూఎస్‌బీకీ పై అంకెలు ఇస్తుంది. నచ్చకపోతే ఆ రెండు మాటలు చెరిపేస్తే పాత స్థితి.

ఆర్‌టీ_రామం
చాలాభాగం అంటే అంతా కాదు. నా యంత్రంలో సైక్లిక్‌టెస్ట్ (థ్రెడ్ ఎంత ఆలస్యంగా లేస్తుందో కొలిచే పరీక్ష) రాత్రంతా నడిపాను. మామూలు కెర్నెల్లో చాలాసార్లు బాగానే ఉండి, ఎప్పుడో ఒకసారి రెండు మిల్లీసెకండ్లు దాటింది. ఆర్‌టీలో వంద మైక్రోసెకండ్లు దాటలేదు. స్టేజీ మీద ఆ ఎప్పుడో ఒకసారి పల్లవి మధ్యలోనే వస్తుంది.

లంకల_లినక్స్
మీ మామూలు కెర్నెల్ పరీక్షలో థ్రెడ్‌ఐఆర్‌క్యూస్ పెట్టారా?

ఆర్‌టీ_రామం
పెట్టలేదు.

లంకల_లినక్స్
మరి పోలిక ఎలాగండీ. పెట్టి నడిపి అంకెలు రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం. ఇంకోటి, ల్యాప్‌టాప్‌ల్లో బయోస్ తనంతట తాను ప్రాసెసర్‌ని లాక్కునే ఎస్‌ఎంఐలు ఉంటాయి. వాటిని ఏ కెర్నెలూ ఆపలేదు. హెచ్‌డబ్ల్యూలాట్‌డిటెక్ట్ నడిపితే అవి ఉన్నాయో లేవో తెలుస్తుంది. ఉంటే ఆర్‌టీ వేసినా ఆ యంత్రం అంతే.

భీమవరం_బుల్లోడు
విండోస్‌లో ఇవేవీ ఉండవు.

పూతరేకు
ఉంటాయి. చూపించరు.

చెరువుగట్టు
పైప్‌వైర్ వదిలేసి అసలు జాక్ వాడితే? మా వాడు ఇప్పటికీ జాక్ అంటే ప్రాణం పెడతాడు.

పాతకాలం_మిడి
నేనూ జాక్ మనిషినే. క్యూజాక్‌సీటీఎల్ తెరిస్తే ఏది దేనికి కలిసిందో కంటికి కనిపిస్తుంది. ఇంకే ప్రోగ్రామూ మధ్యలో వచ్చి క్వాంటమ్ మార్చదు. పైప్‌వైర్‌లో బ్రౌజర్ తెరిస్తే ఏమవుతుందోనని అనుమానం.

లంకల_లినక్స్
అందుకే ఫోర్స్-క్వాంటమ్ పెట్టించింది. పెట్టాక ఎవరూ మార్చలేరు. బొమ్మగా చూడాలంటే క్యూపీడబ్ల్యూగ్రాఫ్ ఉంది, ఆ క్యూజాక్‌సీటీఎల్ రాసినాయనే రాశారు. జాక్ చెడ్డదని కాదు, మధ్యలో యూట్యూబ్ పాట ఒకటి వినిపించాలంటే జాక్‌తో తంటాలు. ఒక్క ప్రోగ్రామే నడిపే యంత్రానికి జాక్ ఇప్పటికీ బాగుంటుంది.

కోనసీమ_కీస్
థ్రెడ్‌ఐఆర్‌క్యూస్, ప్రీఎంప్ట్=ఫుల్ రెండూ పెట్టి, హబ్ తీసేశాను. వైఫై ఆన్‌లోనే ఉంచి గంట వాయించాను, ఎర్ర్ కదల్లేదు. డోలు ఆయనకి కారణం చెప్పలేదు, "ప్రాక్టీసు చేశాను" అన్నాను.

ఇంకో సందేహం. క్యూట్రాక్టర్ అనే రికార్డింగ్ ప్రోగ్రాములో మిడి రికార్డు చేస్తే నోట్లు తాళం గీతలకి అటూ ఇటూ పడేవి. క్వాంటమ్ తగ్గించాక చాలావరకు సర్దుకుంది గానీ చిన్న తేడా ఉంది. అది నా చెయ్యా, సిస్టమా?

వశిష్ఠ_గట్టు
తెలుసుకునే దారి ఉంది. క్యూట్రాక్టర్ మిడిని లినక్స్ శబ్దపు పొర ఆల్సాలోని సీక్వెన్సర్ క్యూ గడియారంతో ముద్రవేసి రాసుకుంటుంది. ఆడియో క్వాంటమ్‌తో దానికి నేరుగా సంబంధం లేదు. ఇంతకుముందు నీ నోట్లు చెదిరింది నువ్వు విన్నది చెదిరి ఉండబట్టి, చెవిని నమ్మి చెయ్యి సర్దుకోబోయింది కాబట్టి.

ఇప్పుడు మిగిలింది ఆ గడియారం. ప్రాక్‌లో ఏసౌండ్ కింద టైమర్స్ ఫైలు చూడు. హెచ్‌ఆర్ టైమర్ అని ఒక వరస ఉండాలి. లేకపోతే ఎస్‌ఎన్‌డీ-హెచ్‌ఆర్‌టైమర్ మాడ్యూల్ ఎక్కించు, ప్రతిసారీ ఎక్కేలా మాడ్యూల్స్ ఫైల్లో రాయి. తర్వాత క్యూట్రాక్టర్ ఆప్షన్లలో మిడి పేజీలో క్యూ టైమర్ దగ్గర అదే ఎంచుకో. సిస్టమ్ టైమర్ మీద ఉంటే కెర్నెల్ టిక్కు సెకనుకి 250, అంటే 4 మిల్లీసెకండ్ల మెట్లు. ఇలాంటిదే ఇంకో ప్రోగ్రాము రోజ్‌గార్డెన్ వాడేవాళ్లకి "టైమర్ రిజల్యూషన్ చాలదు" అని హెచ్చరిక వచ్చేది కూడా ఇందుకే.

ఆ తర్వాత కూడా తేడా ఉంటే, సింత్ మ్యూట్ చేసి మెట్రోనోమ్ ఒక్కటే వింటూ ఒక నోటు నొక్కుతూ రికార్డు చెయ్యి. తేడా అలాగే ఉంటే చెయ్యి. ప్రాక్టీసు చేశానన్నావు కదా, ఇప్పుడు నిజంగా చెయ్యి.

ఉప్పుగాలి
నేను రిథమ్ బాక్సుని క్యూట్రాక్టర్ మిడి క్లాక్‌తో నడుపుతాను. అక్కడా ఈ 4 మిల్లీసెకండ్ల బాధేనా?

పాతకాలం_మిడి
అక్కడ ఇంకా బాగా తెలుస్తుంది. క్లాక్ అంటే క్వార్టర్ నోటుకి 24 టిక్కులు. 120 టెంపోలో టిక్కుకీ టిక్కుకీ 20.8 మిల్లీసెకండ్లు. అందులో 4 అటూ ఇటూ అయితే టెంపో అంకె 120 దగ్గర నిలవకుండా ఊగుతూ కనబడుతుంది. హెచ్‌ఆర్ టైమర్ పెట్టండి. యూఎస్‌బీ నుంచి గుండ్రటి వైరుకి మార్చే చవక కేబుళ్లు మాత్రం కొనకండి. ఒక రకం చిప్పు ఉన్నవాటికి సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ సందేశాలు పాడైపోతుంటే, దాన్ని సర్దడానికి లినక్స్ కెర్నెల్లోనే ప్రత్యేకంగా కోడు రాయాల్సి వచ్చింది.

ఆర్‌టీ_రామం
థ్రెడ్‌ఐఆర్‌క్యూస్ పెట్టి మళ్లీ సైక్లిక్‌టెస్ట్ నడిపాను. గరిష్ఠం 300 మైక్రోసెకండ్ల లోపే ఉంది. 128 క్వాంటమ్‌కి చాలు, ఒప్పుకుంటాను. 32 దగ్గర గిటార్ ఎఫెక్టులు నడిపే నాలాంటివాడికి చాలదు.

లంకల_లినక్స్
32 అంటే 0.7 మిల్లీసెకండ్లు. మీరు గిటార్‌ని నోట్లో పెట్టుకుని వాయిస్తారా ఏంటండీ?

ఆర్‌టీ_రామం
వెళ్లడానికొకసారి, రావడానికొకసారి బఫర్ పడుతుంది. యూఎస్‌బీ కార్డు దాచుకునేది వేరే. కార్డు అవుట్‌పుట్‌ని దాని ఇన్‌పుట్‌కే వైరుతో కలిపి, జాక్_ఐఓడిలే (మొత్తం ఆలస్యం కొలిచే ప్రోగ్రాము) పెట్టి కొలవండి, 32 పెట్టినా మొత్తం మీద 4, 5 మిల్లీసెకండ్లు చూపిస్తుంది. కాగితం మీద లెక్క వేరు, కొలత వేరు.

వశిష్ఠ_గట్టు
ఈ మాట మాత్రం వంద శాతం నిజం. ఇందులో రామం గారిదే గెలుపు.

కీర్తన_పాలకొల్లు
ఒక్క ప్రశ్న. మా కాయర్‌కి కొత్తగా పెద్ద బ్లూటూత్ స్పీకర్ కొన్నారు. 256 పెట్టి దానికి కలిపితే సరిపోతుందా?

పాతకాలం_మిడి
సరిపోదమ్మా. మామూలు బ్లూటూత్ దానంతట అదే వంద నుంచి రెండు వందల మిల్లీసెకండ్లు తినేస్తుంది. ఇక్కడ రెండూ మూడూ మిగిల్చి అక్కడ రెండు వందలు పోస్తే ఏం లాభం? ఆ స్పీకర్ వెనక ఆక్స్ అని చిన్న కన్నం ఉంటుంది చూడండి. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ కన్నం నుంచి దానికి వైరు.

కీర్తన_పాలకొల్లు
ఉందండి, రబ్బరు మూత కింద. రేపు ప్రాక్టీసుకి వైరు తెప్పిస్తాను.